యుద్ధం ముగిసింది, పరీక్ష మొదలైంది

కోడుమూరులో జుమా నమాజు ముగించుకొని మసీదు మెట్లు దిగుతున్నప్పుడు యువకులు మమ్మల్ని ఆపి తరచు ఒక ప్రశ్న అడుగుతుంటారు. "మౌలానా! ఎక్కడో యుద్ధం జరుగుతోంది. పసిపిల్లలు చనిపోతున్నారు. రాజ్యాలు తలకిందులవుతున్నాయి. ఇక్కడ కూర్చొని మనం ఏం చేయగలం?" అడిగేవారిలో కొందరి కళ్ళలో నీళ్ళుంటాయి, కొందరి కళ్ళలో కోపం ఉంటుంది. మరికొందరు ఏమీ అడగరు. ఫోనులో వచ్చిన సందేశాన్ని పదిమందికి పంపేసి, తమ బాధ్యత తీరిపోయిందనుకుంటారు.

సోదర సోదరీమణులారా! ఈ ప్రశ్న కొత్తది కాదు. వందేళ్ళ క్రితం మన ముత్తాతలు ఇదే ప్రశ్న అడిగారు. మొదటి ప్రపంచ యుద్ధం 1918లో ముగిసింది. ఆ తర్వాతి ఆరేళ్ళలో వారు చూసిన కల్లోలం మామూలుది కాదు. కరువు, అంటువ్యాధి, ఖిలాఫత్ ఉద్యమం, జైళ్ళు, చివరకు 1924లో ఖిలాఫత్ రద్దు. ఆ ఆరేళ్ళలో వారు ఎక్కడ నిలబడ్డారో, ఎక్కడ తడబడ్డారో తెలుసుకుంటే మన ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. అందుకే ఈ నెల పాఠంగా ఆ చరిత్రను ఎంచుకున్నాము.

యుద్ధం మన గడప తొక్కిన తీరు

ఆ యుద్ధం 1914లో ఐరోపాలో మొదలైంది. దానితో మన సీమ రైతుకు ఏ సంబంధమూ లేదు. అయినా బ్రిటిష్ ప్రభుత్వం భారతదేశం నుంచి 13 లక్షల మందికి పైగా మనుషుల్ని సముద్రాలు దాటించి యుద్ధరంగాలకు పంపింది. వారిలో 70 వేల మందికి పైగా తిరిగి రాలేదు. 1917లో భారత ఖజానా తరఫున 10 కోట్ల పౌన్లను యుద్ధ ఖర్చుకు 'కానుక'గా ఇప్పించుకుంది. ఓడలన్నీ యుద్ధం పనికే పోవడంతో బట్ట, కిరోసిన్, ఉప్పు ధరలు ఆకాశాన్నంటాయి. బర్మా బియ్యం రాక తగ్గింది. పైగా 1918లో వానలు ముఖం చాటేశాయి.

ఆ రోజుల్లో మన ప్రాంతానికి రాయలసీమ అన్న పేరు కూడా లేదు. నిజాం 1800లో ఆంగ్లేయులకు అప్పగించిన భూములు కాబట్టి దత్తమండలాలు అనేవారు. కర్నూలు, కడప, అనంతపురం, బళ్ళారి, అన్నీ మెట్ట భూములే. హంద్రీ పారితే నీళ్ళు, లేకపోతే ఇసుక. జొన్న, కొర్ర పండితేనే ఇంట్లో సంగటి ఉడికేది. అలాంటి చోట వాన లేకపోవడం, ధర పెరగడం ఒకేసారి వస్తే పేదవాడి గతి ఏమిటో వేరే చెప్పాలా?

దాని వెంటే ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. 1918 జూన్‌లో బొంబాయి రేవులో దిగి, ఆ ఏడు సెప్టెంబరు నుంచి దేశమంతా అంటుకుంది. దేశంలో ఒక కోటి 20 లక్షల నుంచి ఒక కోటి 80 లక్షల మంది వరకు ఆ జ్వరానికి బలయ్యారని అంచనాలున్నాయి. ఆకలితో ఉన్న శరీరం జ్వరానికి తట్టుకోలేదు. ఇంట్లో ఒకరికి నీళ్ళు తాగించేవారు కూడా మంచాన పడ్డారు.

దివ్య ఖుర్ఆన్ బఖర సూరా 155వ ఆయత్‌లో అల్లాహ్ తన దాసుల్ని దేనితో పరీక్షిస్తాడో తెలియజేశాడు. భయం, ఆకలి, ధననష్టం, ప్రాణనష్టం, పంటల నష్టం. ఈ అయిదింటినీ 1918లో మన ముత్తాతలు ఒకే ఏడాదిలో చూశారు. ఆ ఆయత్ చివర శుభవార్త ఉన్నది సహనం వహించినవారికి. సహనం అంటే చేతులు ముడుచుకొని కూర్చోవడమని కొందరు అనుకుంటారు. ఆ అర్థం సరికాదు. కష్టకాలంలో కూడా న్యాయం తప్పకుండా, చేయవలసిన పని మానకుండా నిలబడటమే సహనం.

మొదటి పాఠం: తక్కెడ

1918 సెప్టెంబరులో మద్రాసు నగరంలో ఆకలిగొన్న జనం కొన్ని రోజులపాటు ధాన్యం అంగళ్ళను దోచుకున్నారు. ఆ ఏడాది రాజధానిలోని పలు జిల్లాల్లో ఇటువంటి లూటీలు జరిగాయి. దోపిడీని ఇస్లాం ఏ పరిస్థితిలోనూ సమర్థించదు. కానీ ఒక్క విషయం ఆలోచించండి! ఆ జనం ధాన్యం అంగళ్ళ మీదికే ఎందుకు పోయారు? ధర ఇంకా పెరుగుతుందన్న ఆశతో సరుకు దాచినవారు ఉన్నారన్న అనుమానం వారి కడుపు మంటలో ఆజ్యం పోసింది.

మహాప్రవక్త ముహమ్మద్ (స) ధరలు పెరగాలని ధాన్యం దాచిపెట్టేవాడు పాపాత్ముడని హెచ్చరించారు. మదీనా బజారులో ఒకసారి ఆయన ధాన్యపు కుప్పలో చెయ్యి పెట్టి చూశారు. పైన పొడిగా, లోపల తడిగా ఉంది. వానకు తడిసిందని ఆ వర్తకుడు చెప్పుకున్నాడు. మరి తడిసినదాన్ని జనానికి కనిపించేలా పైనే ఎందుకు పోయలేదని ప్రవక్త (స) ప్రశ్నించి, మోసగించేవాడు తనవాడు కాడని ప్రకటించారు. ముతఫ్ఫిఫీన్ సూరా మొదలయ్యేదే తూకంలో మోసం చేసేవారికి వినాశం తప్పదన్న హెచ్చరికతో.

దాచడంలో మరో రకం కూడా ఉంది. యూసుఫ్ (అ) ఏడేళ్ళ పంటను వెన్నులతోనే నిల్వ చేయించి, తర్వాతి ఏడేళ్ళ కరువులో జనానికి పంచారు. మన సీమలో జొన్నల్ని పాతర్లలో దాచుకొనే పద్ధతి ఉండేది. పాతర ఒకటే, దాన్ని తెరిచే మనసు ఎలాంటిదన్నదే ప్రశ్న. ధర కోసం తెరిస్తే పాపం, ఆకలి కోసం తెరిస్తే పుణ్యం.

హజ్రత్ ఉమర్ (రజి) పాలనాకాలంలో హిజ్రీ 18లో అరేబియాలో ఘోరమైన కరువు వచ్చింది. ఆయన ఈజిప్టు, సిరియా ప్రాంతాల నుంచి ధాన్యం తెప్పించి పంచారు. ప్రజలందరికీ దొరికేవరకు తాను నెయ్యి ముట్టనని ఒట్టుపెట్టుకొని, నూనెతోనే సరిపెట్టుకున్నారు. ఖిలాఫత్ అంటే ఏమిటో ఈ ఒక్క సంఘటన చెబుతుంది. అది కిరీటం కన్నా ముందు బాధ్యత. ఈ మాట గుర్తుంచుకొని ముందుకు సాగుదాం.

రెండవ పాఠం: మాట నిలుపుకోవడం

యుద్ధంలో తుర్కీ సుల్తాన్ జర్మనీ పక్షాన ఉన్నాడు. ఆయనే ముస్లిం లోకానికి ఖలీఫా. ఆయన మీదికి ముస్లిం సైనికుల్ని పంపడానికి ఆంగ్లేయులు వెనకాడలేదు. ముస్లింలను శాంతపరచడానికి 1918 జనవరి 5న బ్రిటిష్ ప్రధాని లాయిడ్ జార్జ్ ఒక ప్రసంగంలో, తుర్కుల స్వస్థలమైన ఆసియా మైనర్, థ్రేస్ భూములను లాక్కోవడానికి తాము యుద్ధం చేయడం లేదని చెప్పాడు. యుద్ధం గెలిచాక ఏం జరిగింది? 1920 ఆగస్టు 10 నాటి సేవ్ర్ ఒప్పందంలో థ్రేస్‌లో అధిక భాగాన్ని గ్రీసుకు ఇచ్చారు. ఇజ్మీర్ ప్రాంతాన్ని గ్రీసు ఆధీనంలో పెట్టారు. పాలస్తీనా, ఇరాక్ బ్రిటన్ చేతికి, సిరియా ఫ్రాన్స్ చేతికి పోయాయి.

మన దేశానికి ఇచ్చిన మాట కూడా అంతే. యుద్ధంలో సహాయం చేసినందుకు స్వపరిపాలన వస్తుందని ఆశించిన ప్రజలకు 1919 మార్చిలో రౌలట్ చట్టం వచ్చింది. ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లోని జలియన్‌వాలాబాగ్‌లో నిరాయుధుల మీద తుపాకులు పేలాయి.

బనీ ఇస్రాయీల్ సూరా 34వ ఆయత్, చేసిన వాగ్దానం గురించి ప్రతి ఒక్కరూ జవాబు చెప్పుకోవలసి ఉంటుందని బోధిస్తోంది. సామ్రాజ్యాలు మాట తప్పాయని మనం నిందిస్తాము, సరే. మరి తీసుకున్న అప్పు, ఒప్పుకున్న కౌలు, పెళ్ళిలో అందరి ముందు ఒప్పుకున్న మహర్ మాటేమిటి? లండన్ లెక్క లండన్‌ను అడుగుతారు, మన లెక్క మనల్ని అడుగుతారు.

మూడవ పాఠం: పొరుగువారితో కలిసి నిలబడటం

ఈ అన్యాయానికి జవాబుగా పుట్టినదే ఖిలాఫత్ ఉద్యమం. మౌలానా ముహమ్మద్ అలీ, మౌలానా షౌకత్ అలీ సోదరులు దానికి నాయకులు. 1919 నవంబరులో ఢిల్లీలో జరిగిన ఖిలాఫత్ మహాసభలో గాంధీజీ పాల్గొన్నారు. 1920 ఆగస్టు 1న సహాయ నిరాకరణ మొదలైంది. బిరుదులు వెనక్కి ఇవ్వడం, కోర్టులను, ప్రభుత్వ బడులను వదలడం, విదేశీ బట్ట మానడం అందులో భాగం. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో సమావేశమైన కాంగ్రెస్ కమిటీ కోటి రూపాయల నిధి, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు లక్ష్యంగా పెట్టుకుంది.

రాట్నం తిరగాలంటే ముందు దూదిని విల్లుతో ఏకి, ఏకులు చుట్టాలి. తరతరాలుగా మన సీమ పల్లెల్లో ఆ పని చేసినవారు దూదేకుల సోదరులే. పత్తి పండించేది ఒకరు, ఏకేది ఒకరు, వడికేది ఒకరు, నేసేది మరొకరు. ఒక్క పంచె తయారవ్వాలంటే ఇన్ని చేతులు కలవాలి. ఆ రోజుల్లో హిందూ ముస్లింల ఐకమత్యం అంటే వేదిక మీది మాట మాత్రమే కాదు, నూలుపోగుల్లో ఉన్న నిజం.

1921 సెప్టెంబరు 14న మౌలానా ముహమ్మద్ అలీ గాంధీజీతో కలిసి మద్రాసు వెళుతుండగా వాల్తేరు రైల్వే స్టేషన్‌లో పోలీసులు ఆయనను అరెస్టు చేశారు. అదే నేటి విశాఖపట్నం స్టేషన్. బ్రిటిష్ సైన్యంలో పనిచేయడం ముస్లింకు ధర్మం కాదని కరాచీ సభలో తీర్మానించడమే ఆయన నేరం. కరాచీలో జరిగిన విచారణలో అలీ సోదరులతో పాటు హిందూ ధర్మాచార్యుడైన శంకరాచార్య భారతీ కృష్ణ తీర్థ కూడా ముద్దాయిగా నిలబడ్డారు. ఆయనను విడిచిపెట్టి, అలీ సోదరులకు రెండేళ్ళ కఠిన శిక్ష వేశారు. వాల్తేరు తర్వాత గాంధీజీ ప్రయాణం ఆగలేదు. ఆ నెల చివరి రోజుల్లో కడప, తాడిపత్రి, కర్నూలు పట్టణాలకు వచ్చారు. కడప జిల్లా రాయచోటి తాలూకాలో, గుంటూరు జిల్లా పల్నాడులో పశువుల మేత కోసం రైతులు అడవి చట్టాలను ధిక్కరించారు.

అలీ సోదరుల తల్లి ఆబాదీ బానూ బేగం, ప్రజలు 'బీ అమ్మా' అని పిలుచుకున్న వృద్ధురాలు, కొడుకులు జైలుకు పోయినా ఊరూరా తిరిగి సభల్లో మాట్లాడింది. మన ఇళ్ళలోని తల్లులు ఈ పేరును పిల్లలకు చెప్పాలి.

నాల్గవ పాఠం: ఆవేశానికి ముందు ఆలోచన

ఇక తడబడిన చోట్లు కూడా చెప్పుకోవాలి. చరిత్రలో మనకు నచ్చినది మాత్రమే చదివితే అది పాఠం అనిపించుకోదు.

1920 వేసవిలో, ఆంగ్లేయుల ఏలుబడిలో ఉండకూడదని, అఫ్ఘానిస్తాన్‌కు హిజ్రత్ చేయాలని పిలుపు వినిపించింది. ముఖ్యంగా సింధు, సరిహద్దు రాష్ట్రాల నుంచి వేలాదిమంది భూములు, పశువులు అయినకాడికి అమ్ముకొని బయలుదేరారు. అంతమందిని పోషించే శక్తి ఆ పేద దేశానికి లేదు. ఆగస్టులో సరిహద్దు మూసేశారు. ఎందరో దారిలోనే చనిపోయారు. తిరిగి వచ్చినవారికి ఇల్లూ లేదు, పొలమూ లేదు. వారి విశ్వాసంలో లోపం లేదు. లోపం ఎక్కడంటే, ముందు విచారించకపోవడంలో.

ప్రవక్త (స) చేసిన హిజ్రత్‌ను గమనించండి! ముందు కొంతమంది సహచరుల్ని అబిసీనియాకు పంపారు, అక్కడి రాజు న్యాయవంతుడని తెలుసుకున్న తర్వాతే. మదీనాకు బయలుదేరేముందు అక్కడ ఆశ్రయమిచ్చేవారితో ఒప్పందం జరిగింది. దారి బాగా తెలిసిన ఒక అవిశ్వాసిని నమ్మి దారి చూపేందుకు కుదుర్చుకున్నారు. సౌర్ గుహలో మూడు రాత్రులు ఆగారు. భోజనం తెచ్చేది ఒకరు, మక్కా కబురు తెచ్చేది ఒకరు, అడుగుజాడలు చెరిపేందుకు గొర్రెల మందను తోలేది ఒకరు. అల్లాహ్ మీద అందరికంటే ఎక్కువ భరోసా ఉన్న మనిషే అందరికంటే ఎక్కువ జాగ్రత్త తీసుకున్నారు. హుజురాత్ సూరా 6వ ఆయత్ కూడా ఇదే నేర్పుతుంది. నమ్మదగనివాడు తెచ్చిన వార్తను విచారించకుండా నమ్మితే, తెలియక ఒక జాతికి హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుంది. ఫోనులో వేలు కదిపేముందు ఈ ఆయత్ గుర్తుకు రావాలి.

అయిదవ పాఠం: కోపంలో కూడా న్యాయం

1921 ఆగస్టులో మలబారులో మాపిళ్ళ ముస్లింలు తిరగబడ్డారు. భూస్వాముల పీడన, పోలీసుల దౌర్జన్యం వారిని అక్కడికి నెట్టాయి. ప్రభుత్వం సైనిక చట్టం పెట్టి వేలాదిమందిని చంపింది, వేలాదిమందిని జైళ్ళకు పంపింది. మన పొరుగున ఉన్న బళ్ళారి జైలుకూ మాపిళ్ళ ఖైదీలను తెచ్చారు. ఆ నవంబరులో తిరూర్ నుంచి గాలి చొరని రైలుపెట్టెలో కుక్కి పంపిన సుమారు నూరుమంది ఖైదీల్లో 70 మంది వరకు ఊపిరాడక చనిపోయారు.

ఇది ఒక వైపు. మరోవైపు ఆ తిరుగుబాటులో కొన్నిచోట్ల ఏ పాపమూ ఎరగని హిందూ కుటుంబాల మీద దాడులు, బలవంతపు మతమార్పిడులు జరిగాయి. దీన్ని దాచడం మనకు తగదు. ధర్మంలో బలవంతం లేదని బఖర సూరా 256వ ఆయత్ చెబుతుంటే, దాన్ని ఉల్లంఘించినవాడు ముస్లిం పేరుతో చేసినా అది తప్పే. ఒక జాతి మీది ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయకూడదని మాయిదా సూరా 8వ ఆయత్ ఆజ్ఞాపిస్తోంది. కష్టపడి అల్లుకున్న ఐకమత్యం ఆ తర్వాత కొద్ది సంవత్సరాల్లోనే పోగు పోగుగా విడిపోయింది. నూలు వడకడానికి నెలలు పడుతుంది, తెంచడానికి క్షణం చాలు.

ఆరవ పాఠం: అమానత్

ఉద్యమం కోసం పేదలు కూడా పైసలు ఇచ్చారు. ఆడవాళ్ళు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు. ఆ ఖిలాఫత్ నిధిలో లక్షల రూపాయలు కోశాధికారి సొంత వ్యాపారంలోకి మళ్ళాయని తర్వాత బయటపడింది. ప్రజల మనసు విరిగింది.

ప్రవక్త (స) ప్రాణాపాయంలో మక్కా విడిచే రాత్రి కూడా, తనను చంపాలని చూసినవారు తన దగ్గర దాచుకున్న సొమ్మును తిరిగి ఇచ్చేందుకు హజ్రత్ అలీ (రజి)ని వెనక ఉంచి వెళ్ళారు. నిసా సూరా 58వ ఆయత్ అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమంటోంది. మసీదు కమిటీ లెక్క కావచ్చు, చిట్టీ డబ్బు కావచ్చు, జకాత్ కావచ్చు, చిన్న అమానత్ అంటూ లేదు.

సింహాసనం పోయింది, ఏం మిగిలింది?

1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా హింస తర్వాత గాంధీజీ ఉద్యమాన్ని ఆపేశారు. తుర్కులు తమ దేశాన్ని తామే కాపాడుకున్నారు. 1923 జూలైలో లోజాన్ ఒప్పందం సేవ్ర్ ఒప్పందాన్ని తుడిచేసింది. కానీ 1924 మార్చి 3న అంకారా సభ ఖిలాఫత్‌నే రద్దుచేసింది. ఏ సింహాసనం కోసం ఇక్కడివారు జైళ్ళకు పోయారో, దాన్ని అక్కడివారే తీసేశారు. ఖలీఫా అబ్దుల్ మజీద్‌ను కుటుంబంతో సహా దేశం దాటించారు. రాజ్యం ఇచ్చేవాడూ, తీసుకొనేవాడూ అల్లాహ్ మాత్రమేనని ఆలి ఇమ్రాన్ సూరా 26వ ఆయత్ చెబుతున్న సత్యం ఆనాడు కళ్ళెదుట నిలిచింది.

అయితే ఈ కథ మన తెలుగు నేల మీద మరో మలుపు తిరిగింది. ప్రవాసంలో ఉన్న ఖలీఫాకు హైదరాబాద్ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నెలకు 300 పౌన్ల భృతి ఏర్పాటు చేశాడు. 1931 నవంబరులో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఖలీఫా కూతురు దుర్రుషెహ్వార్‌ను నిజాం పెద్ద కొడుకుకు, అదే వంశపు ఆడపడుచు నిలోఫర్‌ను రెండో కొడుకుకు నిఖా చేశారు. ఇద్దరూ హైదరాబాద్ కోడళ్ళై వచ్చారు. నిలోఫర్ దగ్గర పనిచేసే ఒక స్త్రీ ప్రసవ సమయంలో సరైన వైద్యం అందక చనిపోయింది. ఇంకే తల్లికీ ఆ గతి పట్టకూడదని ఆమె పట్టుబట్టింది. 1953లో మొదలైన నిలోఫర్ ఆసుపత్రి ఆ పట్టుదల ఫలితమే. దుర్రుషెహ్వార్ పేరుతోనూ పురానీ హవేలీలో పిల్లల ఆసుపత్రి ఉంది.

ఆలోచించండి! ఆరువందల ఏళ్ళు ఏలిన ఉస్మానియా వంశం రాజ్యం పోయింది. నిజాం రాజ్యమూ 1948లో పోయింది. ఒక పనిమనిషి మరణానికి కరిగిన హృదయం కట్టించిన పడకలు మాత్రం మిగిలాయి. మన ప్రాంతం నుంచి జబ్బుపడ్డ బిడ్డను చంకనెత్తుకొని ఆ ఆసుపత్రికి పోయిన తల్లులకు ఖలీఫా ఎవరో తెలియకపోవచ్చు, కానీ నిలోఫర్ పేరు తెలుసు. మనిషి మరణంతో అతని కర్మలు ఆగిపోతాయని, ఆగనివి మూడేనని ప్రవక్త (స) తెలిపారు. నిరంతరం సాగే దానం, ప్రయోజనమిచ్చే జ్ఞానం, తలిదండ్రుల కోసం దుఆ చేసే సంతానం. సింహాసనం ఆ మూడింటిలో లేదు.

మసీదు మెట్ల మీది ప్రశ్నకు జవాబు

ఇప్పుడు ఆ యువకుడి ప్రశ్నకు వద్దాం. మనం ఏం చేయగలం? దూరాన ఉన్న పీడితుల కోసం దుఆ చేయగలం. చట్టబద్ధంగా గొంతెత్తగలం. నమ్మకమైన మార్గంలో సహాయం పంపగలం. అవన్నీ చేయాలి. కానీ ప్రళయదినాన అల్లాహ్ ముందుగా మన చేతిలో ఉన్నదాని గురించి అడుగుతాడు. మన చేతిలో తక్కెడ ఉంది, మాట ఉంది, ఫోను ఉంది, పొరుగువాడి గోడ ఉంది, ఇతరుల సొమ్ము ఉంది. తమను తాము మార్చుకోనంతవరకు ఏ జాతి స్థితినీ అల్లాహ్ మార్చడని రాద్ సూరా 11వ ఆయత్ చెబుతోంది. లోకాన్ని మార్చే పని ఇంట్లోనే మొదలవుతుంది.

ఈ నెలలో ఒకరోజు ఇషా నమాజు తర్వాత ఇంటిల్లిపాదీ కూర్చొని ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి. మన సంపాదనలో, తూకంలో ఎవరి హక్కయినా కలిసిపోయిందా? ఈ వారం మనం ఇతరులకు చేరవేసిన వార్తల్లో విచారించి పంపినవి ఎన్ని? మన వీధిలో, ఏ మతంవారైనా సరే, ఆకలితోనో జబ్బుతోనో ఉన్నవారి గడప మనం తొక్కామా? పెద్దలు ముందు జవాబు చెప్పాలి, పిల్లలు వినాలి.

ఓ అల్లాహ్! యుద్ధాల్లో నలిగిపోతున్నవారిపై కరుణ చూపు. మా కోపాన్ని న్యాయానికి, మా బాధను సేవకు, మా భయాన్ని నీ మీది నమ్మకానికి మళ్ళించు. మా చేతికి అప్పగించిన అమానతులను కాపాడే శక్తినివ్వు. ఆమీన్.